బెంగళూరులో చేతికొచ్చిన బిళ్ళ

హెబ్బాళ దగ్గర బస్సు ముప్పావు గంట కదల్లేదు. అనంతపురంలో పొద్దున ఆరింటికి ఎక్కిన మనిషిని మెజెస్టిక్‌లో దిగేసరికి పదకొండున్నర. బాగేపల్లి దాటాక ఆపిన హోటల్లో రెండిడ్లీ, వడ, కాఫీకి నూట అరవై తీసుకున్నారు. ఆ డబ్బుతో మా కమలానగర్‌లో ఇంటిల్లిపాదీ టిఫిన్ తినొచ్చు. మెట్రో అయినా చవక అనుకుంటే, 60 ఉన్న గరిష్ఠ ఛార్జీని 2025లో 90కి తీసుకుపోయారు. చెల్లెలింటికి చేరేటప్పటికి నా మనసేమీ బాగాలేదు.

గృహప్రవేశం బాగా జరిగింది. మూడు రోజులున్నాను. అందులో నాకు మిగిలింది ఒక్క సాయంత్రం.

మేనల్లుడికి పదకొండేళ్ళు. చక్రాల బూట్లు వేసుకొని హాకీ ఆడతాడు. "మామా, ఈ రోజు నువ్వు రావాల్సిందే" అని చెయ్యి పట్టుకొని లాక్కుపోయాడు. నున్నటి సిమెంటు గచ్చు, చుట్టూ నడుమెత్తు గోడ, పదిహేను మంది పిల్లలు. సగం మంది కన్నడం, సగం మంది తెలుగు, అరుపులు మాత్రం రెండూ కలిపి. కోచ్‌ది మదనపల్లె. నేను నోరు విప్పగానే "అనంతపురమా అన్నా?" అని కుర్చీ వేశాడు. గోడ పక్కన ఒక గోనెసంచి ఉంది. దాని నిండా పాత బూట్లు. కొత్త జత ఆరేడు వేలు పడుతుందట. కొనలేని పిల్లలకు అందులోంచి కాలికి సరిపోయేవి వెతికి ఇస్తాడు. పక్క అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కూతురు ఆ బూట్లతోనే అందరికంటే ముందు దూసుకుపోతోంది.

మావాడు కుడివైపు నుంచి వచ్చిన బంతిని రెండుసార్లు వదిలేశాడు. కోచ్ ఆట ఆపి అందర్నీ కూర్చోబెట్టి, సంచీలోంచి ఒక నల్ల రబ్బరు బిళ్ళ తీశాడు. మంచు మీద ఆడే హాకీలో బంతి ఉండదట, ఇదేనట. పక్ అంటారు. చేతులు మారి నా దగ్గరికీ వచ్చింది. మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం, 170 గ్రాముల బరువు. అంచు చుట్టూ గరుకుగా గీతలు. ఎగిరెగిరి పడకుండా ఆటకు ముందు దాన్ని ఫ్రీజర్‌లో పెట్టి రాయిలా చేస్తారని చెప్పాడు. బొటనవేలితో ఆ అంచు రుద్దుతుంటే నా గుండె దడదడలాడింది. ఎందుకో తర్వాత చెబుతాను.

"ఇది విల్లీ ఓరీ కుడి కంటికి తగిలింది" అని కోచ్ కథ మొదలుపెట్టాడు. కెనడాలో ఫ్రెడెరిక్టన్ అనే ఊరు, 1935లో పుట్టాడు, పదమూడు మంది పిల్లల్లో ఆఖరివాడు. జూనియర్ జట్టులో ఉన్నప్పుడు తగిలిన దెబ్బకు ఆ కంట్లో 95 శాతం చూపు పోయింది. ఇక ఆడలేవన్నాడు డాక్టరు. ఓరీ జట్టులో ఎవరికీ చెప్పకుండా ఆడుతూనే ఉన్నాడు. 1958 జనవరి 18న మాంట్రియల్‌లో బోస్టన్ బ్రూయిన్స్ జట్టు తరఫున దిగాడు. ఎన్‌హెచ్‌ఎల్ అంటే అమెరికా, కెనడా జట్లు ఆడే పెద్ద మంచు హాకీ లీగ్. అందులో ఆడిన మొదటి నల్లజాతి మనిషి అతనే.

కోచ్ లేచి అరచేత్తో కుడి కన్ను మూసుకొని, ఎడమ గోడ వెంట జారుకుంటూ వెళ్ళాడు. "ఎడమ పక్క ఆడేవాడు. అంటే ఆటంతా ఎటు ఉంటుంది?" పిల్లలు కుడివైపు చూపించారు. "అవును, కనపడని వైపు." బంతి అందుకోవాలంటే మెడ పూర్తిగా తిప్పి, కుడి భుజం మీదుగా ఎడమ కంటితో చూడాలి. పిల్లలందరి చేతా చేయించాడు. మావాడు మెడ తిప్పేలోగా బంతి దాటిపోయింది. మూడోసారికి అందింది.

లాస్ ఏంజెలెస్‌లో ఒక కోచ్ అతన్ని కుడి పక్కకు మార్చాడట. అంతే, ఆటంతా కనపడే కంటి వైపుకు వచ్చేసింది. ఒక్క సీజన్‌లో 38 గోల్స్ కొట్టాడు.

ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడింది మాత్రం 45 మ్యాచ్‌లు, కొట్టింది 4 గోల్స్. ఇంతేనా అనిపించింది నాకు. 1979లో ఆట మానేశాడు, ఆ తర్వాత శాన్ డియేగో దగ్గర ఒక హోటల్లో సెక్యూరిటీ పని కూడా చేశాడు. 1998లో ఎన్‌హెచ్‌ఎల్ పిలిచి పిల్లల పని అప్పజెప్పేటప్పటికి అతనికి 62 ఏళ్ళు. అప్పటి నుంచి ఊరూరా తిరిగి, ఈ ఆట మాది కాదనుకున్న పిల్లల్ని మంచు మీదికి తెచ్చాడు. అలాంటి పిల్లలు లక్ష మందికి పైనే. 2018లో హాకీ గొప్పవాళ్ళను గౌరవించే హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు, ఆటగాడిగా కాదు, ఆటను పెంచినవాళ్ళ వరసలో. 2022లో అతని 22వ నంబరు చొక్కాను బ్రూయిన్స్ ఇంకెవరికీ ఇవ్వకుండా పైకెత్తి కట్టారు. అన్నిటికంటే ఆ హాల్ ఆఫ్ ఫేమ్ వరసే నాకు పెద్దదిగా తోచింది. గోనెసంచి కళ్ళముందే ఉంది మరి.

మా అన్నకు ఎడమ కన్ను కనపడదు. 1986 వేసవి సెలవుల్లో బిళ్ళంగోడు ఆడుతూ బిళ్ళను కొట్టింది నేనే. మా వీధిలో అన్నంత వేగంగా పరిగెత్తేవాడు లేడు. నాన్న ఆ కర్రను పొయ్యిలో పెట్టేశాడు. ఆ తర్వాత అన్నను ఏ జట్టులోనూ చేర్చుకోలేదు, తనూ అడగలేదు. అరుగు మీద కూర్చొని మా ఆటకు లెక్క చెప్పేవాడు. ఆ రోజు గురించి మేమిద్దరం ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు.

తిరుగు ప్రయాణంలో మెజెస్టిక్ బస్టాండులో నిలబడి ఫోన్ చేశాను. ఓరీ గురించి మొత్తం చెప్పాను. అడ్డు రాకుండా విన్నాడు.

"ఏ కన్నురా?"

"కుడిది."

వెనకాల కండక్టర్లు హిందూపురం, చిక్కబళ్ళాపురం అని అరుస్తున్నారు. అన్న చాలాసేపు ఏమీ అనలేదు.

"నాది ఎడమది కదా. అయితే నేను ఎడమ పక్కే నిలబడుండాల్సింది" అన్నాడు. తర్వాత, "బస్సు దొరికిందా? సీటు చూసుకొని కూర్చో పో" అన్నాడు.