‘ఉట్టి’ ఏడో సంచిక దాకా: మా ఇంటి చదువు, రాత, కుట్టు

నిన్న సాయంత్రం ‘ఉట్టి’ ఏడో సంచిక కుట్టడం పూర్తయింది. 32 పేజీలు, ఐదు కన్నాల కుట్టు, అట్ట మీద పేరు కరక్కాయ సిరాతో. జూన్‌లో మొదలుపెట్టినప్పుడు నెలకో సంచిక అనుకున్నాం. ఫిబ్రవరి ఆఖరుకి తొమ్మిది రావాలి, ఏడొచ్చాయి. జులైలో, అక్టోబరులో ఎందుకు రాలేదో కూడా కింద రాశాను.

మాది చీరాల. పిల్లలిద్దరూ బడికి వెళ్లరు, ఇంట్లోనే చదువుకుంటారు. పెద్దదానికి 11, చిన్నోడికి 8. పరీక్షల సంగతేంటని అందరూ అడుగుతారు. బడికి వెళ్లకుండా చదివేవాళ్లకి పరీక్షలు పెట్టే కేంద్ర సంస్థ ఎన్ఐఓఎస్‌లో పదో తరగతి రాయాలంటే 14 ఏళ్లు నిండాలి, కాబట్టి మాకింకా టైముంది. ‘ఉట్టి’ మేం ఇంట్లో చేసుకునే లిఖిత పత్రిక. ఉండేది ఒక్కటే కాపీ. రాయడం, బొమ్మలు వేయడం, కుట్టడం అన్నీ మేమే. పేరు పెట్టింది మా అత్తయ్య. "పిల్లికి అందకుండా దాచుకోవాలంటే ఉట్టి మీదే కదమ్మా పెడతాం" అంది.

జూన్, జులై

రాత్రి భోజనాలయ్యాక ఎనిమిదిన్నరకి చాప పరిచి కూర్చునేవాళ్లం. 25 నిమిషాలు నేను పైకి చదవడం, తర్వాత పది నిమిషాలు ప్రశ్నలు. కథలో ఎవరెవరున్నారు, నీకెవరు నచ్చారు, దీన్నుంచి ఏం తెలుసుకున్నావు... ఇలాంటివి. కథ ముగింపుకొస్తోందనగానే చిన్నోడు ఆవలింతలు మొదలుపెట్టేవాడు. పెద్దది చెప్పేది గానీ, అది నేను వినాలనుకున్న జవాబే. మొదటి సంచిక 12 పేజీలు. ఇప్పుడు తీసి చూస్తే హోంవర్క్ పుస్తకంలా ఉంది. ‘ఈ కథలో నాకు నచ్చిన పాత్ర’ అని రెండు వ్యాసాలు, నేను చెప్పి వేయించిన మామిడిచెట్టు బొమ్మ. జులైలో ఇద్దరూ ఏమీ రాయలేదు. నేనూ బలవంతపెట్టలేదు. పత్రిక ఇక అయిపోయిందనే అనుకున్నాను.

ఆగస్టు

అత్తయ్య ట్రంకుపెట్టెలోంచి పాత చందమామల బౌండు ఒకటి తీసింది. చందమామ మొదలైంది 1947 జులైలో, ఈ బౌండు చాలా తర్వాతది. అట్టలు ఊడిపోయాయి కానీ లోపల పేజీలన్నీ ఉన్నాయి. శనివారాలు తనే చదువుతానంది. మొదటి శనివారమే బేతాళ కథ. విక్రమార్కుడు శవాన్ని భుజానేసుకుని నడవడం, బేతాళుడు కథ చెప్పడం, చివర్న ఆ ప్రశ్న. సరిగ్గా ప్రశ్న దగ్గర అత్తయ్య కళ్లజోడు తీసి, పుస్తకం మూసేసింది. "రాజేం చెప్పాడో రేపు చూద్దాం" అని పడుకుంది.

ఆ రాత్రి పది దాటేదాకా పిల్లలిద్దరూ పోట్లాడుకున్నారు. త్యాగం ఎవరిది పెద్దదన్నది గొడవ. పెద్దది ఒక పక్క, చిన్నోడు ఇంకో పక్క, మధ్యలో మా ఆయన కూడా దూరారు. నేను వింటూ కూర్చున్నాను. రెండు నెలలుగా నేను అడిగినవీ ప్రశ్నలే, బేతాళుడు అడిగిందీ ప్రశ్నే. నా ప్రశ్నకి జవాబు నాకు ముందే తెలుసు, ఆ సంగతి పిల్లలకీ తెలుసు. బేతాళుడి ప్రశ్నకి మాత్రం ఎవరి జవాబు వాళ్లు వెతుక్కోవాలి. మర్నాడు రాజు జవాబు చదివాక అత్తయ్య, "నాకైతే ఈయన తీర్పు నచ్చలేదర్రా" అంది. పెద్దవాళ్లు అలా అనొచ్చని పిల్లలకి అప్పుడే తెలిసిందనుకుంటా.

సోమవారం పొద్దున చిన్నోడు పాత క్యాలెండరు కాగితం వెనక పెన్సిలుతో ఒకటిన్నర పేజీ రాసి తెచ్చాడు. బేతాళుడు ఈసారి చెట్టెక్కకుండా వేరే చోటికి పోతే ఏమవుతుందన్నది కథ. ‘బేతాలుడు’ అని మొత్తం ‘ల’తోనే రాశాడు. ‘భుజం’లో భకి ఒత్తు లేదు. పెన్సిలు అంత గట్టిగా నొక్కాడు, కాగితం వెనక చేత్తో తడిమితే అక్షరాలు తగిలాయి. పెన్సిలు పట్టమంటే ఏడ్చే పిల్లాడు వీడు. ఒక్క అక్షరం దిద్దలేదు. అది అలాగే రెండో సంచికలో అతికించాం.

అప్పట్నుంచి చదివాక ప్రశ్నలు మానేశాను. ఇంకో మూడు మార్పులు చేశాం. అధ్యాయం అయిపోయిన చోట కాకుండా కథ మంచి పట్టులో ఉండగా ఆపుతున్నాం. వినేటప్పుడు చేతికి పని ఉంటుంది: పెద్దది మల్లెలో కనకాంబరాలో మాల కడుతుంది, లేదా చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తుంది, చిన్నోడు వినాయకుడి మట్టి ముద్ద పిసుకుతుంటాడు. కదలకుండా కూర్చోమన్నప్పటి కంటే చేతులు కదిలేటప్పుడే వాడు బాగా వింటున్నాడు. మూడోది, పెన్సిళ్లు, సగానికి కోసిన తెల్లకాగితాలు ఒక పళ్లెంలో వాడికందే గూట్లో పెట్టాం. అడగక్కర్లేదు, తీసుకోవచ్చు. ఎవరూ తీసుకోని వారాలు కూడా ఉన్నాయి.

సెప్టెంబరు

ఈ నెలంతా కుట్టు నేర్చుకోవడమే. మొదటి రెండు సంచికలకి స్టేప్లర్ కొట్టాం. మాది సముద్రపు గాలి తగిలే ఊరు, నెల తిరక్కుండా పిన్నులు తుప్పుపట్టి కాగితం మీద మరకలు పడ్డాయి. దారంతో కుడితే ఆ బాధ లేదు.

చేసే పద్ధతి ఇదీ. ఎ4 కాగితాలు ఎనిమిది ఒక్కొక్కటే సగానికి మడిచి, మడత మీద స్టీలు చెంచా వెనక వైపుతో గట్టిగా రుద్దాలి. ఎనిమిదీ ఒకేసారి మడిస్తే మడత ఉబ్బుతుంది. తర్వాత ఒకదాంట్లో ఒకటి దూర్చాలి. 32 పేజీలు వస్తాయి. మడత పొడవు 21 సెంటీమీటర్లు. పైనుంచి 2.5, 6.5, 10.5, 14.5, 18.5 దగ్గర గుర్తులు. ఈ గుర్తులు ఒక అట్టముక్క మీద వేసి ఉంచుకుంటే ప్రతి నెలా కొలవక్కర్లేదు. కన్నాలు దబ్బనంతో లోపలి నుంచి బయటికి పొడవాలి, కింద పాత టెలిఫోన్ డైరెక్టరీ లాంటి మందపాటి పుస్తకం పెట్టుకుంటే చేతికి గుచ్చుకోదు. పొడిచేది పెద్దవాళ్లే, కుట్టేది పిల్లలు. సూది మధ్య కన్నం లోపలి నుంచి మొదలై, పైకి వెళ్లి, తిరిగొచ్చి, కిందికి వెళ్లి, మళ్లీ మధ్యకి వస్తుంది. రెండు కొసలూ మధ్య కుట్టుకి అటొకటి ఇటొకటి ఉండేలా చూసి ముడేయాలి. లేకపోతే ముడి జారిపోతుంది. దారం మడత పొడవుకి మూడు రెట్లు చాలు.

మొదట మామూలు కుట్టుమిషను దారం వాడాం. అది సన్నగా ఉండి కాగితాన్ని కోసేసింది. మా వీధిలో గుంట మగ్గం మీద నేసే బాబాయి ఉన్నారు. చీర దిగాక మగ్గం మీద మిగిలే పడుగు కొసలు గుప్పెడు ఇచ్చారు. నాలుగు పోగులు కలిపి పేని, తేనెమైనం ముక్క మీద రెండుసార్లు లాగితే చక్కటి బైండింగు దారం తయారైంది. కొవ్వొత్తి మైనంతో కూడా చేసి చూశాం, పొడిపొడిగా రాలిపోతుంది.

కాగితం 75 జీఎస్ఎం (అంటే చదరపు మీటరుకి 75 గ్రాముల బరువు) అయితే స్కెచ్ పెన్ను అవతలికి దిగుతుంది. 100 జీఎస్ఎంకి మారాం. ఎనిమిది కాగితాలు ఒకదాంట్లో ఒకటి పెట్టేసరికి లోపలివి అంచు దగ్గర కాస్త బయటికి పొడుచుకొస్తాయి. కుట్టాక స్టీలు స్కేలు ఆనించి కట్టర్‌తో కోయాలి. అది మా ఆయన పని.

అక్టోబరు

వానలు. సెప్టెంబరు సంచికకి అట్టని మైదా జిగురుతో అంటించి, పూర్తిగా ఆరకముందే ఇనుప బీరువాలో పెట్టాను. పదిహేను రోజులకి తీస్తే అట్ట లోపల పచ్చటి బూజు. పెద్దది వేసిన గుడ్లగూబ బొమ్మ సగం పోయింది. అది ఏడవలేదు, మాట్లాడలేదు, ఆ నెలంతా ఏమీ గీయలేదు. నాకు చాలా బాధేసింది. సంచిక లేదు.

ఇప్పుడు జిగురే వాడట్లేదు. అట్టని కూడా లోపలి కాగితాలతో కలిపి కుట్టేస్తున్నాం. ఎక్కడైనా బొమ్మ అంటించాల్సి వస్తే ఒక వంతు మైదాకి ఐదు వంతుల నీళ్లు పోసి ఉడికించి, ఆ రోజుకి కావలసినంతే చేసుకుంటాం. బైండింగు షాపుల్లో పురుగు పట్టకుండా జిగురులో మైలుతుత్తం వేస్తారు. అది విషం, పిల్లలు చేతులు పెట్టే ఇంట్లో వద్దు. అంటించాక మధ్యలో పాత పేపర్లు పెట్టి, పైన ఇటుకలు పెట్టి, రెండు రోజులు పూటపూటకీ పేపర్లు మార్చాలి. అప్పుడు గానీ బీరువా ఎక్కనివ్వను.

నవంబరు, డిసెంబరు

వేటపాలెం సారస్వత నికేతనానికి వెళ్లాం. 1918లో పుట్టిన గ్రంథాలయం. 1929లో గాంధీగారు వచ్చి భవనానికి శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్ర అక్కడ దాచి ఉంచారు. చిన్నోడు దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు. పెద్దది మాత్రం పాత పత్రికల బౌండు దగ్గరే ఆగిపోయింది. కాగితం అంచులు గోధుమరంగుకి తిరిగి, కాస్త వంచితే విరిగేలా ఉన్నాయి. పేజీ తిప్పడానికి కింద అరచేయి పెట్టి, రెండు చేతులతో పసిపిల్లని ఎత్తినట్టు ఎత్తాలి. "మన ‘ఉట్టి’ కూడా ఇలా అయిపోతుందా అమ్మా?" అని అడిగింది. న్యూస్‌ప్రింట్‌లో కలపలోని లిగ్నిన్ ఉండిపోతుందని, గాలికీ వెలుతురుకీ అదే రంగు మారుస్తుందని ఇంటికొచ్చాక చదివి తెలుసుకున్నాం. మనం వాడే కాగితం అంత తొందరగా పాడవదని చెప్పాక ఆ రాత్రే మళ్లీ గుడ్లగూబ వేసింది.

డిసెంబరులో చీరాల–పేరాల ప్రత్యేక సంచిక. ఇది మా ఊరి కథ, పిల్లలకి అప్పటిదాకా ఎవరూ సరిగ్గా చెప్పలేదు. చీరాల, పేరాల ఊళ్లని కలిపి మునిసిపాలిటీ చేశారు, పన్నులు ఎన్నో రెట్లు పెరిగాయి, జనం కట్టేది లేదన్నారు. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి వెనక ఊరు ఊరంతా ఇళ్లు ఖాళీ చేసి, పొలిమేర బయట రామనగర్ అని పాకలు వేసుకుని 11 నెలలున్నారు. ఆయన వాలంటీర్ల దళం రామదండు గురించి చదువుతుంటే చిన్నోడు మట్టి వదిలేసి లేచి నిలబడ్డాడు. నాలుగు రాత్రులు పట్టింది చదవడానికి. రోజూ ఒక చోట ఆపాను: జనం మూటలు కట్టుకున్న చోట, మొదటి వాన పడిన చోట.

పెద్దది రాసింది ఆరు పేజీలు. ఖాళీ అయిన వీధిలో మిగిలిపోయిన ఒక కుక్క చెప్పినట్టు రాసింది. తలుపులన్నీ మూసున్నాయి, అన్నం వేసే అరుగు మీద ఎవరూ లేరు, అయినా కుక్క రోజూ ఆ వేళకి వచ్చి కూర్చుంటుంది. పన్ను సంగతి, మునిసిపాలిటీ సంగతి కుక్కకి తెలియవు కాబట్టి ఒక్క మాట రాయలేదు. ఏడు సంచికల్లో నాకన్నిటికంటే ఇష్టమైన పేజీలు ఇవి. అత్తయ్య చదివి, "దానికి ఎవరైనా ఇంత ముద్ద పెట్టండే" అని కళ్లు తుడుచుకుంది.

జనవరి

సిరా. వెనకటి రోజుల్లో కరక్కాయతో సిరా చేసేవాళ్లని అత్తయ్య చెబితే పట్టుబట్టి చేశాం. ఆరు కరక్కాయలు దంచి, గింజలు తీసేసి, పెచ్చుల్ని పావు లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టి, సగమయ్యేదాకా మరిగించి, పలచటి గుడ్డలో వడకట్టాం. ఒక చెంచా అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) కాసిన్ని గోరువెచ్చటి నీళ్లలో కరిగించి అందులో పోశాం. పోయగానే గోధుమరంగు కషాయం నల్లబడింది. అర చెంచా తుమ్మబంక, బూజు పట్టకుండా రెండు లవంగాలు. అన్నభేది ఆయుర్వేద దుకాణాల్లో దొరుకుతుంది, కానీ పిల్లల చేతికివ్వకూడదు, చేసిన గిన్నె మళ్లీ వంటకి వాడకూడదు.

వెదురు పుల్ల చెక్కి చిన్నోడు ‘ఉ’ రాశాడు. రాసినప్పుడు అక్షరం నీళ్ల టీ మరకలా ఉంది. "రాలేదమ్మా" అని ముఖం చిన్నబుచ్చుకున్నాడు. ఆగరా నాన్నా, చూడు అన్నాను. ముగ్గురం వంగి చూస్తూ కూర్చున్నాం. తడి ఆరేకొద్దీ అంచుల దగ్గర బూడిదరంగు వచ్చింది, తర్వాత సుడి తిరిగిన చోట, సిరా ఎక్కువ నిలిచిన చోట నల్లబడింది. కాసేపటికి మొత్తం అక్షరం కనిపించింది. కాగితం మీద గాలి తగిలేకొద్దీ ఇది ఇంకా నల్లబడుతుంది. వాడు ఆ పొద్దు 40 ‘ఉ’లు రాశాడు.

ఒక జాగ్రత్త. ఈ సిరాలో ఆమ్లం ఉంటుంది, ఏళ్లు గడిస్తే కాగితాన్ని తినేస్తుంది. అందుకే మందపాటి అట్ట మీద పేరు రాయడానికే వాడుతున్నాం. ఫౌంటెన్ పెన్నులో అస్సలు పోయొద్దు.

ఫిబ్రవరి

ఏడో సంచికకి అట్ట 250 జీఎస్ఎం. మడిస్తే మడత పొడవునా పగిలింది. కాగితంలో నార ఒక దిక్కుగా ఉంటుందనీ, దానికి అడ్డంగా మడిస్తే పగులుతుందనీ అప్పుడు తెలిసింది. షీటుని పొడవుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి మెల్లగా వంచి చూడాలి. ఎటు వంచితే తేలిగ్గా వంగుతుందో అదే మడత దిక్కు. పెద్ద షీటు కొని ఆ ప్రకారం కోయించాం, రెండోసారి మడత శుభ్రంగా వచ్చింది. దారం మగ్గం బాబాయి ఇచ్చిందే కాబట్టి సంచికకి ఖర్చు 40 రూపాయలు దాటట్లేదు.

చిన్నోడి బేతాళుడు సీరియల్‌గా సాగుతూనే ఉన్నాడు, ఇప్పటిదాకా చెట్టెక్కలేదు. ఈ నెల గుంట మగ్గంలో దాక్కున్నాడు, నేసేవాళ్ల కాళ్ల దగ్గర. సాయంత్రం బాబాయి వచ్చి, మా అరుగు మీద కూర్చుని, సంచిక మొత్తం పైకి చదివించుకున్నారు. ఇంటికెళ్లి ఎర్ర నూలు చిలప ఒకటి తెచ్చి చిన్నోడి చేతిలో పెట్టి, "వచ్చే నెల దీంతో కుట్టు. వాడు నా మగ్గంలోంచి ఎప్పుడు బయటికొస్తాడో ముందు నాకే చెప్పాలి" అన్నారు. చిన్నోడు ఇంకా నిర్ణయించుకోలేదట.