దోర్నాల దారిలో తేనె కాటా

మార్కాపురం పలకరాళ్ల గుట్టలు వెనకబడ్డాక చేలు పలచబడుతూ పోయి, దోర్నాల చేరేసరికి నల్లమల ఎదురవుతుంది. అక్కణ్ణుంచి శ్రీశైలం సుమారు 50 కిలోమీటర్లు, దాదాపు అంతా అడవే. శివరాత్రికి ఈ దారిన వేలకు వేల మంది పోతారు. దారి పక్కన చెంచు గూడెం కనబడినా బస్సు ఆపి దిగేవాళ్లు తక్కువ. మేం వెళ్లింది ఎండాకాలం నడుమ, తేనె దిగే రోజుల్లో. తేనె, బంక వ్యాపారాన్ని చెంచులే సంఘం పెట్టుకుని సొంతంగా నడుపుకోవాలంటే ఏమేం కావాలి, అది ఎక్కడ ఆగిపోతుంది అన్నది చూడాలని.

దోర్నాల సెంటర్లోనే సగం సంగతి తెలిసిపోతుంది. శ్రీశైలం నుంచి దిగే కార్లు టీ కోసం ఆగే చోట పాత బీరు సీసాల్లో తేనె పెట్టి ఉంటుంది, మూతి దగ్గర గుడ్డ పీలిక బిరడా. ధర సీసాకింత అంటారు. తేనె నీళ్ల కంటే బరువు, లీటరు తూస్తే 1.4 కిలోలు వస్తుంది. 650 మిల్లీలీటర్ల సీసా నిండా పోస్తే 900 గ్రాములు దాటుతుంది. గూడెంలో దాన్ని ముప్పాతిక కిలో కింద కట్టి కొనేవాడికి సీసాకు 150 గ్రాములకు పైగా ఊరికే వచ్చినట్టు. ఏళ్ల తరబడి గూడేల్లో జరిగిన వ్యాపారం చాలావరకు ఇదే. దీన్ని తిప్పికొట్టడానికి సభలూ బ్యానర్లూ అక్కర్లేదు, గూడెం నడిబొడ్డున గూడెం వాళ్లదే ఒక కాటా ఉంటే చాలు.

మేం చూసిన గూడెంలో ఎలక్ట్రానిక్ కాటాను చెట్టు కింద బల్ల మీద పెట్టారు, అంకెలు తెచ్చినవాళ్ల వైపు తిప్పి. తూచే అమ్మాయికి చదువు పదో తరగతి దాకా. పక్కన కూచున్న పెద్దామె ప్రతి డబ్బాకూ ఒకే మాట: “ముందు వట్టి డబ్బా తూచు తల్లీ, తర్వాత తేనె పొయ్యి.” తెచ్చిన డబ్బాతో సహా తూచి, డబ్బాకింతని అందాజుగా తీసేస్తే కిలోకు యాభై, వంద గ్రాములు ఎటో ఒకవైపు పోతుంది. ఎటు పోయినా తగాదానే. రోజూ పొద్దున తెలిసిన బరువు ఒకటి పెట్టి కాటా సరిచూస్తారు. ఖాతాలో బరువు, తేమ, ధర, ఇచ్చిన డబ్బు రాసి, ఆ నాలుగూ నలుగురికీ వినబడేలా చదువుతారు. చదువు రానివాళ్లకు ఆ చదవడమే రసీదు.

తేనె దించడం నుంచే నాణ్యత మొదలవుతుంది. కొండ చరియలకూ పెద్ద చెట్లకూ పట్టే పెద్ద తేనెటీగ పట్టులో తేనె పై భాగంలో, కొమ్మకు అంటిన లావు వైపు ఉంటుంది. కింది భాగమంతా పిల్లలు. చీకటి పడ్డాక పచ్చాకు కట్ట పొగ పట్టి, తేనె ముక్కను మాత్రం కోసి, పిల్లలున్న భాగాన్ని వదిలేస్తే ఈగలు ఆ పట్టును మళ్లీ నింపుకుంటాయి, అదే చోట ఇంకోసారి కోతకు వీలుంటుంది. మొత్తం నరికేస్తే ఆ సీజనుకు అక్కడ తేనె అయిపోయినట్టే. పైగా పిల్లల రసం కలిసిన తేనె మసకబారుతుంది, వాసన కొడుతుంది, త్వరగా పులుస్తుంది. మూత వేసిన గదులు ముప్పాతిక వంతైనా ఉన్న ముక్కనే కొయ్యాలి. మూత పడలేదంటే ఈగలు ఇంకా నీరు ఆర్చలేదని.

చరియ మీద తేనె కోసేవాడు తాడుకు వేలాడుతుంటే పైన ఆ తాడు పట్టేది బావమరిది. చెంచుల్లో ఇది పాత కట్టుబాటు. తాడు జారితే ఎవడి అక్క తాళి తెగుతుందో వాడి చేతిలోనే తాడు పెట్టడం కన్నా గట్టి భద్రత ఏముంటుంది! సంఘాలు పెట్టించే అధికారులు నాయకత్వ శిక్షణ పేరిట చెప్పే పాఠాల కంటే ఈ ఏర్పాటులో ఎక్కువ సరుకుంది. బాధ్యత ఎవరికిస్తే నష్టం వాళ్లకూ తగులుతుందో చూసి ఇచ్చారు.

గూడేనికి వచ్చిన ముక్కల్ని పిండకూడదు. పిండితే పుప్పొడి, మైనం, పిల్లల రసం అన్నీ దిగుతాయి. మూతలు కోసి, శుభ్రమైన గుడ్డ మీద పెట్టి, దానంతటది కారనివ్వాలి. కారింది మూతున్న స్టీలు డ్రమ్ములో రెండు మూడు రోజులు కదలకుండా ఉంటే నురగ, మైనం ముక్కలు పైకి తేలతాయి. డ్రమ్ము అడుగున కుళాయి ఉంటే తేరుకున్న తేనె పట్టుకోవచ్చు. ఇనుప డబ్బా వాడితే తేనె నల్లబడుతుంది. పురుగుమందు డబ్బాలు కడిగి వాడడం అక్కడక్కడా ఇంకా ఉంది. ఆ డబ్బా ఎంత కడిగినా ఆ తేనె కొనకూడదు, కొని కలిపితే డ్రమ్మంతా పోతుంది. గుడ్డలో మిగిలిన పిప్పిని నీళ్లలో మరిగించి చల్లారిస్తే మైనం పైన బిళ్లకడుతుంది, దానికి వేరే గిరాకీ ఉంది. దాన్ని పారబోసే గూడేలే ఎక్కువ.

అసలు తగువు తేమతో. ఆహార భద్రతా ప్రమాణాల ప్రకారం తేనెలో తేమ 20 శాతం దాటకూడదు. వానలు తగిలాక దించిన అడవి తేనెలో అది 23, 24 కూడా ఉంటుంది. అలాంటిది సీసాకెత్తితే కొన్ని వారాలకు బుడగలు లేచి, మూత ఉబ్బి, పులుపెక్కుతుంది. పట్నం దుకాణం వాడు సరుకు తిప్పి పంపితే రానూపోనూ కిరాయి కూడా సంఘం మీదే. జేబులో పట్టే రిఫ్రాక్టోమీటర్ మీద ఒక చుక్క వేసి చూస్తే తేమ అక్కడికక్కడే తెలుస్తుంది. ఎక్కువైతే వేడినీళ్ల గిన్నెలో తేనె గిన్నె పెట్టి 40 నుంచి 45 డిగ్రీల మధ్య ఉంచి, కలుపుతూ, గాలాడనిచ్చి తేమ తగ్గిస్తారు. పని త్వరగా అవ్వాలని మంట పెంచితే రంగు ముదురుతుంది. హెచ్.ఎం.ఎఫ్. అనే పదార్థం పెరిగి ప్రయోగశాల పరీక్షలో సరుకు తప్పుతుంది.

తేమ తగ్గిస్తే తూకమూ తగ్గుతుంది. 23 శాతం తేమ ఉన్న 100 కిలోలను 19.5కు తెస్తే మిగిలేది 95.65 కిలోలు. వడపోతలో, డ్రమ్ము అడుగున, పాత్రలకు అంటుకుని ఇంకొంత పోతుంది. ఈ తరుగు ముందే లెక్కగట్టి ఖాతాలో వేరే గడి పెట్టకపోతే కొన్నదానికీ అమ్మినదానికీ పొంతన కుదరదు. అప్పుడు గూడెం చూపు కోశాధికారి మీద పడుతుంది. సంఘాలు కూలేది బయటివాడి మోసం వల్లే అనుకుంటారు గానీ, ఇలా చెప్పని తరుగు వల్ల కూలినవీ ఉంటాయి. మేం చూసిన చోట ఆరబెట్టే ముందూ తర్వాతా అందరి ఎదుటే తూచి, తేడాను గోడ మీద సుద్దముక్కతో రాస్తున్నారు.

తర్వాతి చిక్కు రొక్కం. రాత్రంతా చరియల మీద ఉండి వచ్చినవాడికి ఆ పొద్దే బియ్యానికీ నూనెకూ డబ్బు కావాలి. అటవీ తేనెకు కేంద్రం 2020లో ప్రకటించిన మద్దతు ధర కిలో 225 రూపాయలు. ఆ లెక్కన 300 కిలోలు కొనాలంటే 67,500 రూపాయలు సంఘం చేతిలో నోట్ల రూపంలో ఉండాలి. పాలుట్ల లాంటి లోపలి గూడేలకు జీపో ట్రాక్టరో తప్ప దారి లేదు, ఫోనులో డబ్బు వేస్తామంటే సిగ్నల్ అందాలి. సంఘం దగ్గర రొక్కం లేని రోజు దళారి దగ్గర ఉంటుంది. అతనిచ్చేది తక్కువే, కానీ ఇప్పుడే ఇస్తాడు. జ్వరమొస్తే అర్ధరాత్రి అప్పూ ఇస్తాడు. అతణ్ణి తిట్టిపోసే వ్యాసాలు ఈ మాట రాయవు. సంఘం అతని చోటు తీసుకోవాలంటే తేనె ధరతో పాటు అత్యవసరానికి చేబదులు ఇచ్చే చిన్న నిధి కూడా పెట్టుకోవాలి.

గిరిజన సహకార సంస్థ, అంటే జీసీసీ, 1956 నుంచీ ఉంది. అది కొంటుంది కాబట్టే ధర మరీ కిందికి పడిపోకుండా నిలిచింది, అది కాదనలేం. కానీ అక్కడ చెంచు అమ్మకందారే, యజమాని కాదు. 2018 ఏప్రిల్ 14న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన వన్ ధన్ కేంద్రాలు ఆ లోటు తీర్చడానికి వచ్చాయి. ఇరవై మంది చొప్పున పదిహేను జట్లు, 300 మంది సభ్యులు, కేంద్రానికి 15 లక్షల దాకా సాయం. కాగితం మీద బాగుంది. నల్లమలలో ఒక గూడెం అంటే కొన్ని పదుల ఇళ్లు. 300 మందిని చూపాలంటే అడవిలో దూరదూరంగా ఉన్న గూడేలన్నిటినీ ఒకే తాటికి కట్టాలి. మీటింగు రోడ్డు పక్క ఊళ్లో పెడతారు. లోపలి గూడెం వాళ్లు కూలి మానుకుని రాలేరు. లెక్కలు రాయగలిగినవాడు ఎవరుంటే వాడే కార్యదర్శి, అతను చాలాసార్లు చెంచు కాడు. రెండు సీజన్లు గడిచేసరికి బోర్డు చెంచులది, బీరువా తాళం ఇంకొకరిది.

దీనికి విరుగుడు చిన్నగా మొదలుపెట్టడం. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద వేర్వేరు కుటుంబాల నుంచి పది మంది ఉంటే చాలు, సంఘం రిజిస్టరవుతుంది. సర్కారు వాటాధనం లేదు గనక పెత్తనమూ తక్కువ. ఒక్కో గూడేనికి ఒక సంఘం పెట్టుకుని, సీసాలకెత్తడం, లేబులు, అమ్మకం మాత్రం నాలుగైదు గూడేలు కలిసి చేసుకోవచ్చు. గూడెంలో పెద్దమనిషి మాట చెల్లుతుంది, కానీ అది హుకుం కాదు. కూచుని, అందరూ మాట్లాడి, విసిగి, ఒప్పుకునేదాకా సాగుతుంది. బయటి నుంచి వచ్చినవాళ్లకు ఈ ఆలస్యం చేతకానితనంలా కనిపిస్తుంది. అలా ఒప్పుకున్నదాన్ని మాత్రం ఎవరూ దాటరు. పెద్దమనిషినే అధ్యక్షుణ్ణి చేసి చెక్కుల మీద సంతకాలు పెట్టించడం కంటే, తగువులు తీర్చే పని ఆయనకు వదిలి, చెక్కు అధికారం ఇద్దరు ఆడవాళ్లకు ఉమ్మడిగా ఇవ్వడం మేలు. ఆ గూడెంలో చేసింది అదే.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. కృష్ణకు అవతల అమ్రాబాద్ వైపు చెంచు ఊళ్లు రాజ్యాంగం అయిదో షెడ్యూలు కింద ప్రకటించిన గిరిజన ప్రాంతంలో ఉన్నాయి, అక్కడ గ్రామసభలకు అధికారాలిచ్చే 1996 నాటి పెసా చట్టం పనికొస్తుంది. ఇవతల దోర్నాల వైపు గూడేలు షెడ్యూల్డు ప్రాంతం కిందికి రావు. ఇక్కడ ఆధారం 2006 అటవీ హక్కుల చట్టం, అందులో సెక్షన్ 3(1)(సి). చిన్నతరహా అటవీ ఫలసాయం మీద యాజమాన్యం, సేకరించి అమ్ముకునే హక్కు దాని కింద వస్తాయి. పులుల అభయారణ్యమైనా ఈ చట్టం వర్తిస్తుంది. గ్రామసభ ఎన్నుకునే అటవీ హక్కుల కమిటీలో 10 నుంచి 15 మంది, మూడింట రెండొంతులు గిరిజనులు, మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. 2012లో సవరించిన నియమాల ప్రకారం సరుకు రవాణా పర్మిట్ ఇచ్చేది కూడా గ్రామసభ తరఫు కమిటీయే. చెక్‌పోస్టు దగ్గర కొత్తగా వచ్చిన సిబ్బందికి ఇది తెలియకపోవచ్చు. వాదనకు దిగేకన్నా ఆ సవరణ ప్రతిని, గ్రామసభ తీర్మానాన్ని ప్లాస్టిక్ కవర్లో బండిలోనే ఉంచుకుంటే అరగంటలో బయటపడొచ్చు.

తేనె సీజను రెండు మూడు నెలలే. మిగతా నెలలకు తపసి బంక దన్ను. గొడ్డలితో లోతుగా నరికితే బంక గబగబా కారుతుంది, చెట్టు మాత్రం చస్తుంది. మొదలు చుట్టుకొలత 90 సెంటీమీటర్లు దాటిన చెట్టుకే, అర సెంటీమీటరుకు మించని లోతున చిన్న గాటు పెట్టి, తర్వాత చెట్టుకు విశ్రాంతినివ్వాలి. తెల్లటి బంక వేరు, బెరడు అంటిన ఎర్ర బంక వేరు చేసి తెస్తే ధరలో తేడా కనిపిస్తుంది. కలిపి తెస్తే మొత్తానికీ ఎర్రదాని ధరే కడతారు.

బయట పోలిక కావాలంటే తమిళనాడులో వడనెమ్మేలి ఉంది. 1978లో పెట్టిన ఇరుళ తెగ పాములవాళ్ల సహకార సంఘం నాగు, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి పట్టి, విషం తీసి, పాముల్ని తిరిగి అడవిలో వదులుతుంది. దేశంలో పాముకాటు మందుకు ఆ విషం ఆధారం. పనితనమంతా ఇరుళులదే, అయినా ఎన్ని పాములు పట్టాలో ఏటా అటవీ శాఖ అనుమతి రావాలి, అది ఆలస్యమైతే ఆదాయం ఆగుతుంది. ఒకే సరుకు, ఒకే అనుమతి మీద బతికే సంఘానికి ఈ గండం తప్పదు. గూడెం వాళ్లు తేనెతో పాటు బంక, కుంకుడు, చింతపండు కూడా ఖాతాలోకి తెస్తున్నారంటే కారణం ఇదే.

సీజను చివర మిగులు ఎలా పంచాలన్నది గూడెంలో రెండు పూటలు నలిగింది. సమానంగా పంచితే ఎక్కువ తెచ్చినవాళ్లు మళ్లీ సీసాల వాడి దగ్గరికి పోతారు, తెచ్చిన కిలోలను బట్టే పంచితే చెట్టెక్కలేని ముసలివాళ్ల ఇళ్లకు ఏమీ రాదు. చివరకు ఒప్పుకున్నది ఇది: సగం వచ్చే ఏటి కొనుగోలు రొక్కంగా బ్యాంకులో ఉండాలి, తాళ్లూ స్టీలు బకెట్లూ కొన్నాక మిగిలింది కిలోల లెక్కన బోనసు, వడపోతలో కూచున్నవాళ్లకు రోజు కూలి వేరే. ముసలివాళ్లందరి పేర్లూ వడపోత జాబితాలోకి ఎక్కాయి.