నడుం మీద చేతులేసుకున్న విశ్వం

నడుం మీద చేతులేసుకుని, కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డ మనిషి బొమ్మ. మొదట చూసి ఎవరో దేవుడనుకున్నా. కాదట, అది జైనుల విశ్వం! కింద ఏడు నరకాలు, నడుం దగ్గర మనం, పైన స్వర్గాలు, నెత్తిన సిద్ధశిల (ముక్తి పొందిన ఆత్మలుండే చోటు). ఎవరూ సృష్టించలేదు, అంతమూ లేదు.

కాలం మాత్రం చక్రం. ఉత్సర్పిణి అనే సగంలో సుఖం, ధర్మం ఎక్కడం, అవసర్పిణి అనే సగంలో అవి దిగడం, ఒక్కోదానికి ఆరు అరాలు (బండి చక్రానికి ఆకుల్లాగా). ఇప్పుడు దిగే దారిలో ఐదోది, దుఃషమ అనే కష్టకాలం. మహావీరుడి నిర్వాణం తర్వాత నాలుగేళ్లు తిరగకముందే మొదలైంది. మొత్తం 21,000 ఏళ్లు. లెక్కేసి చూశా, ఇంకా 18,000కు పైనే ఉన్నాయి. ఆరోది ఇంతకన్నా ఘోరమట.

సోమవారం టెన్షన్ కాస్త చిన్నగా కనిపించింది, నిజం చెప్పొద్దూ!