అర్థమవుతుంది కానీ మాట రాదు: నా ఎస్‌ఏ ఇంగ్లిష్ మెథడాలజీ ప్రిపరేషన్

డీఎస్సీ (ప్రభుత్వ టీచర్ పోస్టుల పరీక్ష) రిజల్ట్ వచ్చిన రోజు నుంచి ఒకటే ప్రశ్న. "అక్కా, మెథడాలజీకి ఏ బుక్ చదివావు?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను. నాది స్కూల్ అసిస్టెంట్ ఇంగ్లిష్, ఉమ్మడి చిత్తూరు జిల్లా. సర్టిఫికెట్ల ఫైలు పక్కనే పెట్టుకుని రాస్తున్నాను. సిలబస్, మార్కుల లెక్క మీకు తెలిసిందే, వాటి జోలికి పోను. మెథడాలజీ, అంటే ఇంగ్లిష్ ఎలా బోధించాలో అడిగే భాగం, 20 మార్కులు, 40 బిట్లు. 2018లో నన్ను ముంచింది అదే, ఈసారి ఒడ్డున పడేసిందీ అదే.

ముందు 2018 సంగతి. బీఈడీ అయిన ఏడాదికే తిరుపతిలో బాలాజీ కాలనీ దగ్గర రూమ్ తీసుకుని కోచింగ్‌లో చేరాను. మెటీరియల్ మొత్తం కంఠతా పట్టాను. లిజనింగ్, రీడింగ్ రిసెప్టివ్ (భాషని లోపలికి తీసుకునే) స్కిల్స్. స్పీకింగ్, రైటింగ్ ప్రొడక్టివ్ (మనం భాషని బయటికి తెచ్చే) స్కిల్స్. నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. తీరా పరీక్షలో బిట్లు క్లాస్‌రూమ్ నుంచి వచ్చాయి. టీచర్ కథ వినిపించి, బొమ్మల్ని కథ జరిగిన వరుసలో పెట్టమంటే అది ఏ స్కిల్? పిల్లలు పాఠాన్ని పైకి చదువుతుంటే టీచర్ చూస్తున్నది అర్థం చేసుకోవడమా, ఉచ్చారణా? ఈ తరహా. పిల్లలు చేత్తో ఏదైనా చేస్తున్నారంటే ప్రొడక్టివ్ అనుకున్నాను. పుస్తకం చేతిలో ఉంటే రీడింగ్ అనుకున్నాను. కీ వచ్చాక చూసుకుంటే మెథడాలజీలో సగం కూడా రాలేదు. రెండు మార్కుల లోపు తేడాతో పోస్టు పోయింది. ఆ రెండు మార్కులు ఎక్కడ పోయాయో నాకు బిట్టు నంబర్లతో సహా ఇప్పటికీ గుర్తు.

తర్వాత చంద్రగిరి వైపు ఒక ప్రైవేటు స్కూల్లో చేరాను. అక్కడ జరిగిన ఒక్క సంగతి చెప్పాలి, ఎందుకంటే నాకు ఈ చాప్టర్ అర్థమైంది ఆ రోజే.

ఆరో తరగతిలో ఒక పాప ఉండేది. ఇంట్లో తమిళం. వాళ్ల నాన్న పని మీద ఇటు వచ్చారు. క్లాసులో నోరు విప్పేది కాదు. ఇంగ్లిష్‌లో ఏం అడిగినా తల వంచుకునేది. ఓరల్ టెస్టులో పదికి రెండు వేశాను. ఈ పాపకి ఏమీ రాదని స్టాఫ్ రూమ్‌లో కూడా అన్నాను. ఒకరోజు పిక్చర్ డిక్టేషన్ పెట్టాను. నేను చెప్తుంటే విని బొమ్మ వేయాలి. "డ్రా ఎ హిల్. దేర్ ఈజ్ ఎ టెంపుల్ ఆన్ ద హిల్. ఎ బస్ ఈజ్ కమింగ్ డౌన్." తిరుపతి పిల్లలు కదా, కొండ అనగానే అందరికీ హుషారు వచ్చింది. సగానికి పైగా బస్సుని కొండ పైకి ఎక్కించేశారు. కొండకి పోయే బస్సే వాళ్ల కళ్లల్లో ఉంది, నా మాట వినలేదు. ఆ పాప కాగితం చూశాను. బస్సు కిందికి దిగుతోంది. ముందు అద్దం, డ్రైవర్ తల కూడా కింది వైపే వేసింది. తర్వాత "బిహైండ్ ద బస్ దేర్ ఆర్ త్రీ ట్రీస్" అన్నాను. మూడు చెట్లూ బస్సు వెనకాల, అంటే కొండ పై వైపు ఉన్నాయి. ఒక్క తప్పు లేదు. ఆ కాగితం పట్టుకుని చాలాసేపు నిలబడిపోయాను. ఆ పాపకి ఇంగ్లిష్ రాదని ఇన్నాళ్లూ అన్నాను. నిజానికి ఆ పాపకి ఇంకా రానిది మాట్లాడటం ఒక్కటే.

ఆ రాత్రి మా అవ్వ గుర్తొచ్చింది. మాది నగరి దగ్గర ఊరు. అమ్మ వాళ్ల అమ్మది తిరుత్తణి. 1960 దాకా అది మన చిత్తూరు జిల్లాలోనే ఉండేది. అవ్వ నాతో ఎప్పుడూ తమిళమే. "సాప్టియా?" అంటే "తిన్నా అవ్వా" అనేదాన్ని. ఇరవై ఏళ్లు ఆమె తమిళంలో అడగడం, నేను తెలుగులో జవాబు చెప్పడం. పక్కింటి తగువులు, పాత కథలు అన్నీ తమిళంలో విన్నాను, అన్నీ అర్థమయ్యేవి. తిరుత్తణి బస్టాండ్‌లో మాత్రం నీళ్ల బాటిల్ ఎంతని అడగడానికి మాట కూడేది కాదు. రిసెప్టివ్, ప్రొడక్టివ్ అంటే ఏమిటో చిన్నప్పటి నుంచి నా నోట్లోనే ఉంది. నేను గైడులో వెతుక్కున్నాను.

ఇక్కడి నుంచి థియరీ చదివితే ప్రతి ముక్కా అతుక్కుంది. భాష ఎలా వస్తుందో పరిశోధించిన క్రాషెన్ చెప్పిన సైలెంట్ పీరియడ్ అంటే ఆ పాపే. పిల్లలు కొంతకాలం వింటూ లోపల పోగు చేసుకుంటారు, మాట తర్వాత వస్తుంది. అషర్ అనే ఆయన పెట్టిన టీపీఆర్ (టోటల్ ఫిజికల్ రెస్పాన్స్) పద్ధతిలో మాట్లాడమని తొందర పెట్టకుండా ఆజ్ఞలు విని శరీరంతో చేయించేది కూడా అందుకే. అలాగని వింటూ ఉంటే చాలు, మాట దానంతట అదే వస్తుందా? అవ్వ దగ్గర నాకు రాలేదు కదా. ఈ ప్రశ్నకి కెనడా పరిశోధకురాలు మెరిల్ స్వెయిన్ 1985లో జవాబిచ్చింది. అక్కడ ఫ్రెంచ్ ఇమ్మర్షన్ పిల్లలు ఏళ్ల తరబడి పాఠాల్లో చాలా భాగం ఫ్రెంచ్‌లో విన్నారు. వినడం, చదవడంలో ఇంట్లో ఫ్రెంచే మాట్లాడే పిల్లలకి దగ్గరగా వచ్చారు కానీ మాట్లాడేటప్పుడు, రాసేటప్పుడు వ్యాకరణంలో వెనకబడ్డారు. పిల్లల్ని మాట్లాడించాలి, రాయించాలి, అప్పుడే తమకి ఏది రాదో వాళ్లకి తెలుస్తుందని ఆమె వాదన. అవుట్‌పుట్ హైపోథిసిస్ అంటే అదే. క్రాషెన్‌ని, స్వెయిన్‌ని పక్కపక్కన పెట్టి చదవండి. విడివిడిగా చదివితే ఆప్షన్లలో తికమక పడతారు.

ఇంకో మాట. రిసెప్టివ్ అంటే పాసివ్ అని పాత మెటీరియల్స్‌లో ఇంకా కనిపిస్తోంది. ఆ మాట నమ్మకండి. బస్సుని కిందికి దించిన పాప బుర్ర ఆ ఐదు నిమిషాలు ఎంత పని చేసిందో నేను చూశాను. వినేవాళ్లు ఊహిస్తారు, తెలిసినదానితో పోల్చుకుంటారు, అక్కర్లేనిది వదిలేస్తారు. ప్రీ లిజనింగ్, వైల్ లిజనింగ్, పోస్ట్ లిజనింగ్ అని మూడు దశలు పెట్టింది అందుకే. స్కిమ్మింగ్, స్కానింగ్ తేడా కూడా ఇలాగే పట్టుకోవాలి. తిరుపతి బస్టాండ్‌లో పుత్తూరు బస్సు టైమ్ కోసం బోర్డు మీద కళ్లు పరిగెత్తిస్తే స్కానింగ్. పేపర్ తిరగేసి ఈరోజు ఏం జరిగిందో పైపైన చూస్తే స్కిమ్మింగ్.

నా చదువులో ఉన్న జబ్బు కూడా అప్పుడే బయటపడింది. నేను చేసిందంతా రిసెప్టివే. వీడియో వినడం, మెటీరియల్ చదవడం, మళ్లీ వినడం. అర్థమైనట్టే ఉండేది. నా నోటితో చెప్పలేదు, నా మాటల్లో రాయలేదు. 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టుల నోటిఫికేషన్ వచ్చాక పద్ధతి మార్చాను. రోజూ రాత్రి ఒక యాక్టివిటీ తీసుకుని ఒక పేజీ రాసేదాన్ని. ఉద్దేశం ఏమిటి, పిల్లలు ఏం చేస్తారు, ఏ స్కిల్ మీద గురి, ఎలా పరీక్షిస్తాం. తర్వాత రూమ్‌మేట్స్ ఇద్దరికీ పుస్తకం మూసి చెప్పేదాన్ని. ఎక్కడ ఆగిపోతే అక్కడ నాకు రానట్టు. కంట్రోల్డ్ రైటింగ్‌కి (ఇచ్చిన వాక్యాల్లోనే మార్పులు చేసి రాయడం), గైడెడ్ రైటింగ్‌కి (సూచనల సాయంతో సొంతంగా రాయడం) తేడా వందసార్లు చదివాను, చెప్పబోతే మొదటి వాక్యంలోనే ఆగిపోయాను. ఆ తర్వాత మర్చిపోలేదు.

ఆ నోటిఫికేషన్ రద్దయినప్పుడు చాలామంది రూములు ఖాళీ చేశారు. నేను చేయలేదు. అప్పటికే ఉద్యోగం మానేశానని బంధువుల్లో మాటలు పడ్డాను. పెళ్లి వాయిదా వేస్తున్నానని, ఇంట్లో డబ్బు తింటున్నానని అన్నారు. స్కూల్లో ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం ఐదున్నర దాకా నిలబడి వచ్చి రాత్రి చదవడం నాకు సాధ్యం కాలేదు. చేయగలిగిన వాళ్లున్నారు, వాళ్లకి దండం. నాకు కుదరలేదు, అందుకే మానేశాను. అది సోమరితనం కాదు. పొద్దున నాలుగున్నరకి లేచి, జిల్లా గ్రంథాలయం తెరిచేసరికి గేటు దగ్గర ఉండేదాన్ని. ఫోన్ రూమ్‌లోనే వదిలేసేదాన్ని. తమ్ముళ్లూ చెల్లెళ్లూ, కోపం తెచ్చుకోవద్దు. గ్రూపుల్లో పోస్టుల సంఖ్య గురించి రాత్రి పన్నెండు దాకా మాట్లాడుకునే వాళ్లకి పొద్దున పుస్తకం పట్టదు. నేను ఆరేళ్లు చూశాను.

2025 ఏప్రిల్ 20న 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ వచ్చింది. కంటెంట్, సైకాలజీ, జీకే అందరూ చదివినట్టే చదివాను, కొత్తగా చెప్పేదేమీ లేదు. నెగటివ్ మార్కులు లేవు, ఒక్క బిట్టూ వదలకండి. టెట్ (టీచర్ అర్హత పరీక్ష) వెయిటేజీ 20 మార్కులు, తక్కువ వచ్చినవాళ్లు మళ్లీ రాయండి. హాల్లో ఈసారి టెన్షన్ పడలేదు. మెథడాలజీ బిట్టు చదివిన ప్రతిసారీ ఆ బొమ్మ గుర్తు చేసుకున్నాను. పిల్లలు చేత్తో ఏం చేస్తున్నారో పక్కన పెట్టి, ఏది రాకపోతే ఈ పని చేయలేరు అని నన్ను నేను ప్రశ్నించుకున్నాను. వినడం రాకపోతే బొమ్మల వరుస పెట్టలేరు, అది లిజనింగ్. కీ చూసుకుంటే 40లో 33 రైటు.

డిక్టేషన్ ఏ స్కిల్ కిందికి వస్తుందని నిన్న కూడా ఇద్దరు అడిగారు. వినకుండా రాయలేరు, స్పెల్లింగ్ రాకుండానూ రాయలేరు. కాబట్టి వినడం, రాయడం రెండూ అందులో ఉన్నాయి. ఆప్షన్లలో రెండూ కలిపి ఉంటే అదే పెట్టండి. విడిగా ఇస్తే ప్రశ్నలో టీచర్ ఏం దిద్దుతోందో చూడండి, అక్షరాలు దిద్దుతోందా, విన్న మాట అందిందా లేదా అని చూస్తోందా.