ఐదంటే ఐదే తేడా

గర్భం ఇరవై ఆరో వారంలో, మధుమేహం వచ్చిందేమో చూసే గ్లూకోజు పరీక్షకు వెళ్లినప్పుడు నా భయం సూదుల గురించి కాదు, వాంతి గురించి. 75 గ్రాముల గ్లూకోజు కలిపిన నీళ్లు పరగడుపున అయిదు నిమిషాల్లో తాగేయాలి. మొదటి రెండు గుక్కలు తియ్యగానే ఉంటాయి. ఆ తర్వాత నాలుక మొద్దుబారుతుంది, ఆఖరి గుక్క గొంతు దిగనని మొరాయిస్తుంది. కక్కుకుంటే ఇంకో రోజు వచ్చి మళ్లీ మొదలుపెట్టాలి. తాగకముందు ఒకసారి, గంటకు ఒకసారి, రెండు గంటలకు ఒకసారి రక్తం తీశారు. మధ్యలో తినకూడదు, అటూ ఇటూ తిరగకూడదు. గోడగడియారం చూస్తూ కూర్చోవడమే పని.

పక్క కుర్చీలో చాలా సన్నగా ఉన్న అమ్మాయి ఒకామె కూర్చుని ఉంది. ఈమెకెందుకు ఈ పరీక్ష అనుకున్నాను. నాకెందుకో మాత్రం నాకు తెలుసు. గర్భం రాకముందే నా బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువు లెక్క, 31. ఊబకాయం కిందికే వస్తుంది.

మర్నాడు రక్తంలో చక్కెర అంకెలు మూడు వచ్చాయి, డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో: 97, 171, 138. వాటి హద్దులు 92, 180, 153. గంట అంకె, రెండు గంటల అంకె లోపలే ఉన్నాయి, పరగడుపు అంకె ఒక్కటే ఐదు ఎక్కువ. మూడింట్లో రెండు గట్టెక్కాయి కదా అని డాక్టరు గారితో వాదించాను. “ఇక్కడ సగటు మార్కులు లేవమ్మా. ఏ ఒక్కటి హద్దు తాకినా గర్భకాల మధుమేహమే” అన్నారావిడ.

ఐదంటే ఐదే కదా అన్న నా గొణుగుడుకు కూడా జవాబుంది. తొమ్మిది దేశాల్లో పాతిక వేలమంది గర్భిణులతో చేసిన హాపో అధ్యయనం ఫలితాలు 2008లో వచ్చాయి. తల్లి రక్తంలో చక్కెర పెరిగే కొద్దీ బిడ్డ బరువూ, పుట్టే బిడ్డ ఒంట్లో చక్కెరను అదుపుచేసే ఇన్సులినూ మెల్లమెల్లగా పెరుగుతూ పోతాయే తప్ప, ఇక్కడిదాకా క్షేమం, ఇక్కడినుంచి ప్రమాదం అనే మెట్టు కనబడలేదు. అయినా ఎక్కడో ఒకచోట గీత గీయాలి కాబట్టి 2010లో నిపుణులు కూర్చుని గీశారు. నేను దానికి అవతల పడ్డాను.

నా ఒంట్లో ఇన్సులిన్ తగ్గిపోయిందనే అనుకున్నాను. సంగతి అది కాదట. గర్భం సగం దాటాక మాయలో, అంటే కడుపులో బిడ్డకు ఆహారం అందించే అవయవంలో, ఊరే హార్మోన్లు తల్లి కండరాలనూ, కాలేయాన్నీ ఇన్సులిన్ మాట సరిగా విననివ్వవు. ఇది జబ్బు కాదు, బిడ్డకు చక్కెర అందడానికి ఒళ్లు చేసుకునే ఏర్పాటు. దానికి బదులుగా, ఇన్సులిన్ తయారుచేసే క్లోమం అంతకంతకూ ఎక్కువ ఇన్సులిన్ వదులుతుంది, నెలలు నిండేసరికి మామూలుకు రెట్టింపు దాటుతుంది. చాలామందిలో ఆ లెక్క సరిపోతుంది. నా విషయంలో, ఒంట్లోని కొవ్వు వల్ల క్లోమం ముందునుంచే అదనపు గంటలు పనిచేస్తోంది. దాని నెత్తిన గర్భం ఇంకో షిఫ్టు పెట్టింది. రాత్రంతా కాలేయం చక్కెర వదులుతూ ఉంటే ఆపే శక్తి ఇన్సులిన్‌కు చాలలేదు. ఏమీ తినని వేళ అంకె పెరగడానికి కారణం అదే.

ఆ సన్నని అమ్మాయి మరుసటి వారం గ్లూకోమీటరుతో మళ్లీ ఎదురుపడింది. ఆమెకు పరగడుపున బాగానే ఉండి, తిన్నాక ఎగబాకుతోంది. ఆమె క్లోమం కావలసినంత ఇన్సులిన్‌ను వేళకు వదలలేకపోతోందట. “నేను లావు కూడా కాదు, నాకెందుకు వచ్చింది?” అని కళ్లు తుడుచుకుంది. ఆమె ఏడుస్తుంటే నా మనసు కొంత తేలికపడింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, నిజం.

ఇక రోజుకు నాలుగుసార్లు వేలు పొడుచుకోవడం. వేలి కొసన పొడిస్తే రోజంతా సలుపుతుంది, పక్కన పొడవాలి. పరగడుపున 95, తిన్న గంటకు 140 దాటకూడదు. ఒకరోజు 168 చూసి గుండె జారిపోయింది. అప్పటిదాకా పండు కోస్తున్నానని గుర్తొచ్చి, చేతులు కడుక్కుని మళ్లీ చూస్తే 112! పిండిపదార్థం తగ్గించి, తిన్నాక పావుగంట నడిస్తే పగటి అంకెలు దారికొచ్చాయి. పరగడుపువి మాత్రం 98, 96, 101. ఏం చేసినా కదల్లేదు.

అందుకని రాత్రిపూట ఇన్సులిన్ మొదలుపెట్టారు. అది బిడ్డకు చేరుతుందేమోనని హడలిపోయాను. చేరదట. మాయ దాటేది చక్కెర, ఇన్సులిన్ కాదు. ఎక్కువైన చక్కెరకు బిడ్డే సొంతంగా ఇన్సులిన్ తయారు చేసుకుని కొవ్వు పట్టిస్తుంది. ఇన్సులిన్ గుచ్చుకునే పెన్ను తిప్పితే ఒక్కో యూనిట్‌కు ఒక్కో టిక్కు. గుచ్చాక మనసులో పదిదాకా లెక్కపెట్టి సూది తీయాలి. ఎనిమిది టిక్కులతో మొదలై ముప్పై ఆరో వారానికి ఇరవై రెండయ్యాయి. పెంచిన ప్రతిసారీ ఏదో తప్పు చేసినట్టే అనిపించేది.

కాన్పు మామూలుగానే జరిగింది. ఆ రోజే ఇన్సులిన్ ఆపేశారు, మర్నాడు పరగడుపున 86. పాప మడమ మీద పొడిస్తే 38 వచ్చింది. బొడ్డుతాడుతో పాటు నా చక్కెర ఆగిపోయింది గానీ, దాని ఒంట్లో ఇన్సులిన్ ఇంకా అదే జోరులో ఉంది. పాలు పట్టాక 54కు వచ్చింది. ఆ గంటసేపు నేను ఎవరితోనూ మాట్లాడలేదు.

షుగరు పోయింది, పీడ వదిలింది అన్నారు ఇంట్లో. ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య మళ్లీ గ్లూకోజు పరీక్ష చేయించుకోవాలని డిశ్చార్జి కాగితంలో రాసి ఉంది. పాపకు జలుబని ఒకసారి, నిద్ర లేదని ఒకసారి వాయిదా వేశాను. చివరికి పదకొండో వారంలో వెళ్లాను. పరగడుపున 103, రెండు గంటలకు 149. మధుమేహం అనాలంటే 126, 200 రావాలి. నేను వాటికీ, మామూలు అంకెలకూ నడుమ ఉన్నాను. గర్భంలో మధుమేహం వచ్చినవాళ్లకు తర్వాత టైప్ 2 మధుమేహం, అంటే పెద్దల్లో మామూలుగా కనిపించే షుగరు, వచ్చే అవకాశం, రానివాళ్లతో పోలిస్తే దాదాపు పదిరెట్లని 2020లో వచ్చిన ఒక విశ్లేషణ చెబుతోంది. నన్ను ఏటా వచ్చి చూపించుకోమన్నారు.

ఆ సాయంత్రం సన్నని అమ్మాయికి ఫోను చేశాను. “నాకు కాన్పుతోనే పోయిందండీ, ఇంకా పరీక్షలెందుకు?” అంది. నా అంకెలు రెండూ చదివి వినిపించాను. అటువైపు బిడ్డ ఏడుపు వినిపిస్తోంది. కాసేపాగి అడిగింది: “పరగడుపు అంటే ఎన్ని గంటలండీ?”