విధానసౌధ దగ్గర ఓ ఆదివారం సాయంత్రం

కర్ణాటక అసెంబ్లీ ఉండే బెంగళూరు విధానసౌధ ముఖం తూర్పు వైపు ఉంటుంది. ఫొటోల పిచ్చి ఉన్నవాళ్లు ముందుగా గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే. సాయంత్రం ఎండ భవనం వెనక్కి పోతుంది కాబట్టి, మనకు కనిపించే మెట్లు, స్తంభాలు అన్నీ నీడలోనే ఉంటాయి. ఐదున్నరకి తీసిన ఏ ఫొటో చూసినా ఆకాశం తెల్లగా, రాయి బూడిదరంగులో ఉండేది అందుకే.

ఇది తెలిసే ఫిబ్రవరిలో ఓ ఆదివారం వెళ్లాను. ఆదివారాలు, సెలవు రోజుల్లో పొద్దుగూకాక దీపాలు వేస్తారు. కె.ఆర్.పురంలో ఉండే మా బావమరిదిని వెంటబెట్టుకుని పర్పుల్ లైన్ మెట్రో ఎక్కాను. ఎం.జి.రోడ్డు దాటాక బండి భూమిలోకి దిగుతుంది. ఆ తర్వాత రెండో స్టేషనే మనది, అంబేద్కర్ పేరుతో ఉంటుంది. పైకి రాగానే ఎదురుగా భవనం. నడక పెద్దగా లేదు.

లోపలికి వెళ్లే పని లేదు. అంబేద్కర్ వీధి ఫుట్‌పాత్ మీద, కంచె బయట నిలబడితే చాలు. ఎండ ఉన్నంతసేపు నేను విధానసౌధ వైపు తిరగనే లేదు. రోడ్డుకి అటుపక్క అఠారా కచేరీ ఉంది, ఇప్పటి హైకోర్టు. 1868లో పూర్తయిన ఎర్ర భవనం. పడమటి ఎండ దానిమీద పడి ఎరుపు ఇంకా చిక్కబడింది. 1980లలో దాన్ని పడగొట్టేద్దామనుకుంటే జనం కోర్టుకెక్కి ఆపించారట. మంచిపని చేశారు. అది లేకపోతే ఇటువైపు భవనం ఎంత పెద్దదో కొలుచుకోవడానికి పక్కన ఏమీ ఉండేది కాదు.

"బావా, అందరూ ఇటు తీస్తుంటే నువ్వు అటు తీస్తావేంది?" అన్నాడు మావాడు.

"ఆగరా, దానికింకా టైముంది."

ఆ ఖాళీలో వాడికి కథ చెప్పాను. 1951లో నెహ్రూ శంకుస్థాపన చేశారు. మొదటి ప్లాను ఇంత పెద్దది కాదు. తర్వాత ముఖ్యమంత్రి అయిన కెంగల్ హనుమంతయ్య దాన్ని పక్కన పెట్టించి, ద్రావిడ శైలిలో గ్రానైట్‌తో కట్టాలన్నారు. నగరం చూడ్డానికొచ్చిన రష్యా బృందం "మీకంటూ సొంత వాస్తుశిల్పం లేదా?" అని అడగడమే అందుకు కారణమని చెప్పుకుంటారు. ఇంజినీరు బి.ఆర్.మాణిక్యం గీసిన నమూనా అది. ఐదు వేలమంది కూలీలు పనిచేశారని, వాళ్లలో ఎక్కువమంది ఖైదీలేనని అంటారు. ఖర్చు కోటీ ఎనభై లక్షలు దాటిపోయి విచారణ దాకా వెళ్లింది. భవనం పూర్తయిన 1956లోనే హనుమంతయ్య పదవీ పోయింది. భవనం నుదుటి మీద మాత్రం ఆయన చెక్కించిన మాట ఉండిపోయింది: ప్రభుత్వ పని దేవుడి పని. ఫైలు కోసం ఏ ఆఫీసు చుట్టూ తిరిగినవాళ్లకైనా అది చదవగానే నవ్వొస్తుంది. మావాడికీ వచ్చింది.

ఆరుంబావు దాటాక సూర్యుడు గుమ్మటం వెనక్కి జారాడు. కాసేపటికి దీపాలు వెలిగాయి. జనం ఒక్కసారిగా ఫోన్లు ఎత్తారు, కానీ అప్పుడు ఆకాశం ఇంకా వెలుగుగా ఉంది, దీపాలు వెలవెలబోయాయి. ఇంకో పావుగంట ఓపిక పట్టాలి. ఆకాశం ముదురు నీలానికి తిరిగి, దాని వెలుగూ రాతి మీది దీపం వెలుగూ సరిసమానమయ్యే సమయం ఒకటుంటుంది. అది పది నిమిషాలు కూడా నిలవదు. అప్పటికి సగంమంది చురుమురి (మరమరాల చాట్) బండి దగ్గరున్నారు.

ట్రైపాడ్ తీసుకెళ్లలేదు, సెక్యూరిటీ ఉన్నచోట దాంతో లేనిపోని టెన్షన్. కెమెరా బ్యాగును కంచె దిమ్మె మీద పెట్టి, దానిమీద కెమెరా ఆనించి, రెండు సెకన్ల టైమర్ పెట్టాను. వెలుగును పట్టే సామర్థ్యం ఐఎస్ఓ 800, లెన్సు రంధ్రం ఎఫ్ 5.6, షట్టర్ తెరిచి ఉండేది సెకనులో ఎనిమిదో వంతు. లెన్సు పైకెత్తితే స్తంభాలన్నీ వెనక్కి వాలిపోతాయి. కెమెరాను నిటారుగానే ఉంచి, కింద రోడ్డు ఎక్కువ పడితే పడనిచ్చి తర్వాత కోసేశాను. ముందున్న పన్నెండు స్తంభాలు ఒక్కొక్కటి నలభై అడుగులు. జూమ్ చేసి చూస్తే వాటి చివర చెక్కిన పూల అంచుల కింద నీడ గీతలు కూడా విడివిడిగా వచ్చాయి. గుమ్మటం మీది నాలుగు సింహాలకు మాత్రం వేరే ఫొటో తీయాల్సి వచ్చింది, కిందివాటి కంటే వాటి మీద వెలుగు తక్కువ.

కాసేపటికి రంగులు మారడం మొదలైంది. ఊదా, ఆకుపచ్చ, గులాబీ. పిల్లలు కేకలు పెట్టారు గానీ నాకు పెళ్లిపందిరి చూసినట్టే అనిపించింది. అంత రాయిని చెక్కించింది రాయిలా కనిపించడానికే కదా! పసుపు కలిసిన తెల్ల వెలుగులో తీసినవే ఉంచుకుని, మిగతావి తుడిచేశాను.

ఇంకొకటి కావాలి నాకు. వాన వెలిసి రోడ్డు తడిగా ఉంటే ఆ స్తంభాలు కింద కూడా కనిపిస్తాయి. దానికి ఆదివారం, వాన, తెరిపి మూడూ కలవాలి. వానాకాలంలో ఏ ఆదివారమైనా మధ్యాహ్నం మబ్బు పడితే ఫోన్ చెయ్యమని మావాడికి చెప్పాను. హిందూపురంలో దొరికిన బస్సెక్కేస్తాను.