క్షమాపణ తరువాత వేసుకునే మాత్ర

2015 ఎండాకాలంలో నన్ను ఆసుపత్రికి చేర్చింది దగ్గు. నాపరాళ్ల వ్యాపారం మీద చెన్నై, ముంబై తిరిగేవాణ్ణి కనుక, క్వారీ దుమ్ము పట్టిందని ఇంట్లో అందరం సరిపెట్టుకున్నాం. మనిషిని సగమై, పొద్దు వాలేసరికి జ్వరం రావడం మొదలయ్యాక కఫం పరీక్ష చేసి క్షయ అన్నారు. క్షయ తేలినవారికి హెచ్‌ఐవీ పరీక్ష కూడా చేయడం పద్ధతి, అదీ ఉందన్నారు. ఒంట్లో రోగాన్ని ఎదిరించే సీడీ4 కణాలు రెండు వందలకు తగ్గితేనే ప్రమాదమంటారు, నాలో అవి వందకు లోపే ఉన్నాయి. ఆ జబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఒకరు చెప్పనక్కరలేదు. వారం తిరక్కముందే నా భార్యకూ పరీక్ష చేశారు. ఆమెకూ ఉంది. అమ్మాయికి లేదు.

మాది తాతల కాలం నుంచి సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘం. నేను చేసినదంతా ముందు నా భార్య దగ్గర, తరువాత పాస్టర్ గారి దగ్గర ఒప్పుకున్నాను. క్రీస్తునందు క్షమాపణ ఉందన్న మాట మీద నాకు అప్పుడూ ఇప్పుడూ అనుమానం లేదు. నన్ను ఇన్నేళ్లు నలిపింది ఆ తరువాతి సంగతి.

క్షయకు ఆరు నెలల మందులు ఇచ్చారు. అప్పట్లో అవి వారానికి మూడు రోజులే వేసుకోవాలి. వేసుకున్న రోజు మూత్రం నారింజ రంగులో వచ్చేది, అది మందు రంగేనని ముందే చెప్పకపోయి ఉంటే భయపడేవాణ్ణే. క్షయ మందులు ఒంటికి పట్టాక హెచ్‌ఐవీకి ఏఆర్‌టీ మందులు, అంటే వైరస్‌ను అణిచి ఉంచేవి, మొదలుపెట్టారు. అందులో ఎఫావిరెంజ్ అనే మందు ఉండేది, రాత్రి పడుకోబోయే ముందు వేసుకోవాలి. అది వేసుకుంటే తల తిరిగేది, పీడకలలు వచ్చేవి. తెల్లారి మంచం దిగేటప్పుడు గోడ పట్టుకుని ఒక నిమిషం నిలబడితే గానీ అడుగు పడేది కాదు. దీన్ని నేను శిక్ష కింద జమకట్టుకున్నాను. దేవుడు నన్ను క్షమించాడు కానీ ఒంటికి పడవలసిన దెబ్బ పడుతూనే ఉంటుంది, దాన్ని ఓర్చుకోవడమే నా వంతు, అనుకున్నాను. విత్తినదే కోస్తామన్న బైబిల్లోని గలతీ పత్రిక మాట నాకు అచ్చంగా సరిపోయిందనిపించేది. అలా అనుకోవడంలో ఒక రకమైన తృప్తి కూడా ఉండేదని ఇప్పుడు తెలుస్తోంది.

ఆ రోజుల్లోనే ఒక స్వస్థత కూటంలో ప్రార్థన చేసే ఆయన, పాపం పోయినప్పుడు దాని రోగం మాత్రం ఎందుకు నిలుస్తుంది, మాత్రలు మింగడం అవిశ్వాసం కాదా, అని అడిగారు. నేను మందు మానలేదు. మానితే వైరస్ మళ్లీ పెరుగుతుందని, ఆ మందుకు లొంగకుండా కూడా పోవచ్చని కౌన్సెలర్ ముందే చెప్పి ఉన్నారు. అయినా ఆ ప్రశ్నకు జవాబు నా దగ్గర లేకపోవడం బాధపెట్టింది.

పాస్టర్ గారు వాదించలేదు, బైబిల్లో రెండవ సమూయేలు పన్నెండో అధ్యాయం తీసి చదివించారు. దావీదు రాజు తన సైనికుడు ఊరియా భార్య బత్షెబతో తప్పు చేసి, ఊరియాను యుద్ధంలో చంపించిన తరువాతి కథ అది. దావీదు ఒప్పుకున్న వెంటనే యెహోవా అతని పాపాన్ని పరిహరించాడని నాతాను ప్రవక్త చెబుతాడు. అదే నోటితో, బత్షెబకు పుట్టిన బిడ్డ చనిపోతుందనీ చెబుతాడు. క్షమాపణ అబద్ధమూ కాదు, ఫలితం రద్దూ కాలేదు. మత్తయి మొదటి అధ్యాయంలోని క్రీస్తు వంశావళి కూడా ఆయనే చూపించారు. అక్కడ దావీదు కొడుకు సొలొమోను తల్లిని బత్షెబ అనలేదు, ఊరియా భార్యగా ఉండిన ఆమె అన్నారు. క్షమాపణ పొందిన రాజు వంశం క్రీస్తు దాకా వచ్చింది. చచ్చిపోయిన ఊరియా పేరునూ ఆ వంశావళి వదిలిపెట్టలేదు.

ఆ అధ్యాయం నాకు ఊరటనిచ్చింది, తరువాత ఆ ఊరటే పోగొట్టింది. ఆ బిడ్డ ఏం తప్పు చేశాడు? ఊరియా ఏం చేశాడు? నా ఇంట్లో ఆ స్థానంలో ఉన్నది నా భార్య. ఆమె సీడీ4 ఆరు వందలకు పైగా ఉన్నందున అప్పటి నిబంధనల ప్రకారం ఆమెకు మందు వెంటనే ఇవ్వలేదు. కణాల సంఖ్యతో పని లేకుండా అందరికీ మందు ఇవ్వాలన్న నిర్ణయం 2017లో వచ్చాకే ఆమెకు మొదలైంది. తెచ్చినవాడికి ముందు, తగిలించుకున్న మనిషికి తరువాత. వైద్యం దృష్ట్యా అది సబబే కావచ్చు, నాకు మాత్రం మింగుడుపడలేదు.

కొన్నేళ్ల క్రితం పాత మందు మార్చి డోలుటెగ్రావిర్ ఉన్న మాత్ర ఇచ్చారు. పీడకలలు పోయాయి. ఇప్పుడు ఇద్దరిదీ ఒకే రకం మాత్ర, రాత్రి భోజనం అయ్యాక ఒకే చెంబులో నీళ్లు. ఒక రాత్రి నేను, ‘నా పాపానికి నువ్వు కూడా మింగాల్సి వస్తోంది’ అన్నాను. ఆమె మాత్ర మింగి, చెంబు కింద పెట్టి, ‘నా మాత్ర నీ లెక్కలో రాసుకోవద్దయ్యా. నేను మింగేది నాకొచ్చిన జబ్బుకు’ అంది.

ఆ మాట పడినప్పటి నుంచి నా ఆలోచన తీరు మారక తప్పలేదు. పుట్టుగుడ్డివాణ్ణి చూసి, వీడు పాపం చేశాడా, వీడి తలిదండ్రులా అని శిష్యులు అడిగితే యేసు రెండూ కాదన్నాడు. అదే ప్రశ్న మా ఇంట్లో నన్ను చూసి వేస్తే ఒక జవాబు వస్తుంది, ఆమెను చూసి వేస్తే ఇంకొకటి వస్తుంది. వైరస్ మాత్రం ఒక్కటే. కాబట్టి జబ్బును నా శిలువగా మోసి చూపించుకునే హక్కు నాకు లేదని అర్థమైంది. నాకు మిగిలింది పనులే: వేళకు మాత్ర వేసుకోవడం, మా ఇద్దరి కార్డులు పట్టుకుని కడప ఏఆర్‌టీ కేంద్రానికి వెళ్లడం, ఏడాదికోసారి రక్తంలో వైరస్ ఎంత ఉందో చూసే వైరల్ లోడ్ పరీక్షకు ఆమె పని ఆగకుండా చూసుకోవడం, ఆమెకు కోపం వచ్చిన రోజున క్షమించేశావు కదా అని గుర్తు చేయకుండా ఊరుకోవడం. ఈ చివరిదే కష్టం.

మా ఇద్దరి రక్తంలోనూ వైరస్ ఇప్పుడు పరీక్షకు అందనంతగా తగ్గింది. ఆ స్థాయిలో నిలిస్తే లైంగికంగా ఇంకొకరికి సోకదని డాక్టర్లు చెబుతారు. అది విని పాస్టర్ గారు, కూడికల్లో సాక్ష్యం చెప్పమని నన్ను అడిగారు, చాలామందికి ధైర్యం వస్తుందన్నారు. నేను ఇంటికొచ్చి ఆమెను అడిగాను, వద్దంది. అమ్మాయి సంబంధాలు చూస్తున్న సమయంలో ఊరంతా తెలియడం ఆమెకు ఇష్టం లేదు. పైగా, క్షమాపణ పొందింది నువ్వు, బయటపడేది నా జబ్బు, అంది. హెచ్‌ఐవీ ఉన్నవారి అనుమతి లేకుండా ఆ సంగతి బయటపెట్టకూడదని 2017 చట్టం చెబుతుంది గానీ, మా ఇంట్లో ఆ చట్టం దాకా పోవలసిన అవసరం లేదు. పాస్టర్ గారికి కుదరదని చెప్పాను. ఇది రాసేముందు కూడా ఆమెను అడిగాను. చదివి, ఊరి పేరూ, తన పుట్టింటి సంగతీ కొట్టేసి, మిగతాది ఉంచమంది.